పొగ విడిపోయిన పిమ్మట

మీరు పేలుడు జరిగిన చోట లేరు. మీ వారెవ్వరును అక్కడ లేరు. ఐనను నాలుగు దినములుగా మీకు కంటిమీద కునుకు లేదు, విస్తరి ముందు కూర్చున్నచో ముద్ద దిగుట లేదు, వీధిలో పోవు మోటారుసైకిలు సైలెన్సరు ఠప్పుమన్నచో గుండె ఝల్లుమని అరచేతులు చెమర్చుచున్నవి. దెబ్బలు తగిలినవారు ఆసుపత్రిలో పడియుండగా, ఒంటిమీద గీతయైనను పడని నేను ఇట్లు డీలాపడుట ఎంత సిగ్గుచేటు అని మిమ్ము మీరే దెప్పుకొనుచు, ఈ సంగతి ఇంటిలోని వారికి సైతము చెప్పక దాచుకొనుచున్నారు. దాచుకొనవలసిన పని లేదు. ఈ అధ్యాయము మీ కొఱకే వ్రాసితిని.

2007 ఆగస్టు 25వ తేదీ శనివారము సాయంకాలము హైదరాబాదులో, లుంబినీ పార్కునందు లేజరు ప్రదర్శన చూచుటకు కూర్చున్న జనుల నడుమను, కొద్ది నిమిషముల తేడాలోనే కోఠీలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు పేలి నలువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 2013 ఫిబ్రవరి 21న, పోటీపరీక్షల చదువులకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులతో నిత్యము క్రిక్కిఱిసియుండు దిల్‌సుఖ్‌నగరు రహదారిలో, సైకిళ్లకు అమర్చిన బాంబులు మరల అట్టి ఘోరమునే చేసినవి. మృతులెందఱు, క్షతగాత్రులెందఱు అను లెక్క మఱునాటి పత్రికలో వచ్చును. ఆ లెక్కలో చేరని వారెందఱు? ఆ వారము చక్కెర మందు మానినవారు, ఆ నెలలో మరల సిగరెట్టు ముట్టించినవారు, రైలుకు భయపడి మోటారుసైకిలెక్కి గోతిలో పడినవారు, వీరిని ఏ పత్రికయు లెక్కింపదు.

ముందుగా ఒక మాట నిష్కర్షగా చెప్పవలయును. ఇట్టి ఘటనల తరువాత కలుగు అనారోగ్యములో ఒక భాగము బాంబు వలన గాక, బాంబునుండి తప్పించుకొనవలెనని మనము చేయు పనుల వలనను, మానివేయు పనుల వలనను కలుగుచున్నది. ఇది వినుటకు నిష్ఠురముగానే ఉండును. కాని ఊరటయు ఇందులోనే కలదు, ఏలయనగా హంతకుని చేయి మన వశములో లేకున్నను, మన మందుల డబ్బాయు, మన టీవీ మీటయు, మన హెల్మెటును మన వశములోనివే. ధైర్యము తెచ్చుకొమ్మని మీకు నేను చెప్పబోవుట లేదు. ఆ మాట మీకు ఇప్పటికి చాలమంది చెప్పియుందురు. దానివలన ఎవ్వరికైనను నిద్ర పట్టినదా?

1. మొట్టమొదట మందుల డబ్బా తెరవుడు.

భయము మనస్సునకు సంబంధించినదని మన అభిప్రాయము. దేహమునకు ఆ భేదము తెలియదు. అపాయమని తోచినంతనే ఎడ్రినలిన్, కార్టిసాల్ మొదలైన స్రావములు రక్తములో కలిసి గుండె వేగమును, రక్తపుపోటును, రక్తములోని చక్కెరను పెంచును. పరుగెత్తవలసినవానికి ఇది ఉపకారమే గాని, సోఫాలో కూర్చుండి వార్తలు చూచువానికి దీనివలన ప్రయోజనమేమి? పాలు దింపిన పిమ్మటను పొయ్యి చాలసేపు కాలుచునే ఉండునట్లు, అపాయము గడచిన తరువాతను ఈ ఉద్రేకము దేహమును విడువదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులోని జంట భవనములు కూలిన తరువాత, అమెరికా దేశమంతట రెండువేల ఏడువందలమందికి పైగా పెద్దలను మూడేండ్లపాటు గమనించిన ఆలిసన్ హోల్మన్ బృందము, తొలి దినములలో తీవ్రమైన కలతకు లోనైనవారిలో గుండె, రక్తనాళముల జబ్బులు తక్కినవారికంటె సుమారు 53 శాతము అధికముగా కన్పించినవని 2008లో ప్రకటించినది. ఆ పరిశీలనలోనివారిలో అధికసంఖ్యాకులు ఆ దృశ్యమును టీవీలో చూచినవారే గాని న్యూయార్కులో నిలిచి చూచినవారు కారు.

ఒక గృహస్థును ఊహించుకొనుడు. మలక్‌పేటలో కాపురము; అఱువదికి దగ్గఱపడిన వయస్సు; పదేండ్లుగా షుగరు, బీపీ. పేలుడు జరిగిన రాత్రి దుకాణములు మూసిరి. మఱునాడు ఆయన గడప దాటలేదు. మూడవనాడు మాత్రలు నిండుకొన్నవి. "రెండు రోజులు వేసుకోకపోతే ఏం మునిగిపోదులే" అని భార్యతో అన్నాడు. రెండు రోజులు పది రోజులైనవి. ఉదయపు నడక ఆగినది. వచ్చినవారందఱితోను కూర్చుండి గంటకొక పంచదార టీ, టీవీ ముందు పకోడీల పళ్లెము. పక్షము దినములకు కాళ్లు తిమ్మిరులెక్కి, నాలుక పిడచకట్టి, కన్నులు మసకలు క్రమ్మి ఆసుపత్రికి పోగా, చక్కెర చూచిన డాక్టరు ఆ సాయంకాలమే ఆయనను పడకలో చేర్చుకొనెను. ఈయన పేరు ఏ క్షతగాత్రుల జాబితాలోను ఉండదు.

కావున మీరు చేయవలసిన దేమి? నేడే మాత్రలు లెక్కించి, పదునైదు దినములకు తక్కువ కాకుండ తెప్పించి ఉంచుడు. డాక్టరు చీటీని ఫోనులో ఫోటో తీసి కుమారునకో కుమార్తెకో పంపుడు, పాత దుకాణము మూసియున్నను వేఱొకచోట దొరకును. డయాలిసిస్ చేయించుకొనువారుండినచో, దారులు మూసినప్పుడు ఏ కేంద్రమునకు పోవలెనో ఇప్పుడే ఫోను చేసి కనుగొనుడు. వీధిలోనికి పోవుటకు మనసొప్పనిచో డాబామీదనైనను నడువుడు. ఒక వారము బీపీయు చక్కెరయు చూపించుకొని ఆ అంకెలను కేలండరు వెనుక వ్రాయుడు. మఱి ఛాతీలో నొప్పి వచ్చి ఎడమచేతికి ప్రాకినచో? దానిని టెన్షన్ అని తీర్మానించు అధికారము మీకు లేదు. 108కి ఫోను చేయుడు, తీర్మానము డాక్టరు చేయును.

2. వార్తలకు వేళ పెట్టుడు.

2013 ఏప్రిలు 15న బోస్టన్ మారథాన్ గమ్యరేఖ వద్ద బాంబులు పేలిన తరువాత జరిగిన ఒక పరిశీలనలో విచిత్రమైన సంగతి బయటపడినది: ఆ వారములో దినమునకు ఆఱు గంటలకు మించి ఆ వార్తలు చూచుటలోను వినుటలోను గడపినవారిలో, స్వయముగా ఆ ప్రాంతమున ఉన్నవారికంటెను ఎక్కువ కలత కన్పించినది. ఇందు ఆశ్చర్యమేమి? అక్కడ ఉన్నవాడు పేలుడును ఒక్కసారి చూచెను. మనము దానిని నూఱుమార్లు చూచుచున్నాము, అదియు సంగీతము జోడించి, ఎఱ్ఱని వలయములు గీసి, నెమ్మదిగా త్రిప్పి.

ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి, ఇరువది నిమిషములు మించకుండ వార్తలు తెలిసికొనుడు. చూచుటకంటె చదువుట మేలు, పత్రికలో రక్తము కదలదు. పడకకు పోవుటకు రెండు గంటలు ముందుగా ఫోను వేఱొక గదిలో ఉంచుడు. 2025 ఏప్రిలు 22న పహల్గామ్‌లో 26 మంది హతులైనప్పుడు ఆ దృశ్యములు ఎన్ని వాట్సాప్ గుంపులలో తిరిగినవో మీకు తెలియనిది కాదు. అట్టిది వచ్చినచో తెరువక, ఇంకొకరికి పంపక తుడిచివేయుడు. శబ్దము తగ్గించి టీవీని అట్లే వదలుట అందఱును చేయు పొరబాటు. మాట వినబడకున్నను బొమ్మ కంటబడుచునే ఉండును.

కుమారుడు న్యూజెర్సీలో ఉండి, తల్లి గుంటూరులో టీవీ ముందు కూర్చున్నచో, గంటకొక ఫోనుతో ఇద్దఱికిని నిద్ర ఉండదు. అక్కడ రాత్రి, ఇక్కడ పగలు. "రోజూ పొద్దున ఏడింటికి నేనే చేస్తానమ్మా, మధ్యలో ఎత్తకపోతే ఆఫీసులో ఉన్నాననుకో" అని కుమారుడు ఒక వేళ చెప్పి, ఆ వేళ తప్పకుండ పిలిచినచో, తల్లికి అది మాత్రకంటె మేలు చేయును.

3. భయము చూపిన దారిని లెక్క వేయక పట్టకుడు.

సెప్టెంబరు 11 తరువాత అమెరికాలో అసంఖ్యాకులు విమానము మాని కారెక్కిరి. గెర్డ్ గిగరెంజర్ అను జర్మను మనశ్శాస్త్రజ్ఞుడు రహదారి ప్రమాదముల లెక్కలను తీసి చూడగా, తరువాతి పండ్రెండు నెలలలో, విమానము తప్పించుకొనబోయి రోడ్డుమీద అదనముగా మరణించినవారు సుమారు 1,500 మంది అని తేలినది. ఆనాడు అపహరింపబడిన నాలుగు విమానములలోని ప్రయాణికుల కిది ఆఱింతలు. వీరిని ఎవ్వరును చంపలేదు. తాము క్షేమముగా పోవుచున్నామనుకొని బయలుదేరిరి.

మన ఊళ్లలో ఇదే కథ మఱియొక రూపమున నడచును. రైలులో బాంబు పెట్టిరని విని, ఎంఎంటీఎస్ మాని, ముగ్గురు పిల్లలను ఒకే స్కూటీమీద ఎక్కించుకొని, హెల్మెటు లేక బడికి దింపు తండ్రిని మీరు చూడలేదా? అతనిని పరిహసించుట నా ఉద్దేశము కాదు. బిడ్డలమీది ప్రేమయే అతనిచేత ఆ పని చేయించుచున్నది. ఐనను దారి మార్చుటకు ముందు ఒక కాగితముమీద రెండు ప్రశ్నలు వ్రాసికొనుడు: నేను విడుచుచున్న వాహనము నిన్నటివరకు ఎన్నేండ్లు నన్ను క్షేమముగా చేర్చినది? నేను పట్టుచున్న వాహనముమీద మా బంధువులలోను ఇరుగుపొరుగులోను ఎందఱు పడిరి? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పలేని ఇల్లు మన రాష్ట్రములలో అరుదు. వెంటనే రైలెక్కుట అసాధ్యమైనచో, మొదట తోడు తీసికొని రెండు స్టేషన్లు పోయి రండి; తరువాత నాలుగు. ఎంతకాలము తప్పించుకొందురో అంతకంతకు ఆ రైలు మీ మనస్సులో భయంకరమగుచునే ఉండును.

4. రక్తము ఇయ్యదలచినచో పేరు వ్రాయించి, పిలిచినప్పుడు పొండు.

ఒకేనాడు వేలమంది వరుస కట్టినచో నిలువ చేయుటకు చోటు చాలదు. ఎఱ్ఱకణములు నలువది దినములకు అటునిటుగా పనికిరాకుండ పోవును. 2001లో న్యూయార్కు కొఱకని ఇచ్చిన రక్తము ఎంతో ఇట్లే పారవేయబడినది. మూడు వారముల తరువాత వచ్చు దాతయే రక్తనిధికి అపురూపము.

5. నిద్రమాత్రను అరువు తెచ్చుకొనకుడు.

"మా అత్తగారికి డాక్టరు రాసిందే, అర ముక్క వేసుకో, హాయిగా పడుకుంటావు" అని ఎదురింటి ఇల్లాలు ప్రేమతోనే ఇచ్చును. తీసికొనకుడు. తీవ్రమైన ఆఘాతము పొందినవారికి మొదటి నెలలో డయాజిపామ్ జాతి మాత్రలను ఇయ్యవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్యులకే సలహా ఇచ్చినది. అవి కలతను తగ్గింపవు సరికదా, అలవాటుగా మాఱును. పెద్దవయస్సువారు ఆ మత్తులో రాత్రి లేచి పడి తుంటి ఎముక విఱుగగొట్టుకొనుటయు కలదు.

మద్యము సంగతి చెప్పనేల! న్యూయార్కులోని మాన్‌హాటనులో, సెప్టెంబరు 11 దాడి జరిగిన అయిదు మొదలు ఎనిమిది వారముల తరువాత విచారింపగా, నూటికి సుమారు 29 మంది సిగరెట్టో మద్యమో గంజాయియో మునుపటికంటె ఎక్కువ చేసితిమని ఒప్పుకొనిరి. ఎప్పుడో మానిన సిగరెట్టు ఇట్టి వారములోనే మరల జేబులోనికి వచ్చును, "ఈ ఒక్క వారమే" అను మాటతో. మీ ఇంట అట్టివారుండినచో తిట్టకుడు. సాయంకాలము ఆ వేళకు తోడుగా నడకకు తీసికొనిపొండు. నిద్ర రానివారు పడకలో పొరలక లేచి, మసక వెలుతురులో ఏదైన చదివి, కునుకు వచ్చినప్పుడు మరల పడుకొనవలెను. ఏ రాత్రి నిద్ర పట్టకున్నను మఱునాడు లేచు వేళ మార్చవలదు. మధ్యాహ్నము దాటిన తరువాత కాఫీ టీలు మానుడు. ఇది మాత్ర వలె ఒక్క రాత్రిలో ఫలింపదు, పది దినములు పట్టును. పట్టనిండు.

6. పరామర్శకు పోయినచో కథ అడుగకుడు.

ఈ విషయములో మన సంప్రదాయము మంచిది, మన అలవాటు చెడ్డది. ఇల్లు ఒంటరిగా విడువకుండుట మంచి సంప్రదాయము. కాని గుమ్మములో చెప్పులు విడిచినంతనే ప్రతి చుట్టమును, "అసలేం జరిగిందమ్మా, మొదట్నుంచి చెప్పు" అని కూర్చుండును. ఆమె చెప్పును. ఏ బెంచీమీద కూర్చున్నదో, ఏ చేతిలో పిల్లవానిని పట్టుకొన్నదో, ఏ వైపు పొగ లేచినదో. కన్నులు తుడుచుకొని లేచునంతలో పెదమామగారు వత్తురు, ఆయన ప్రక్కన మేనత్త, మరల మొదటినుండి. సాయంకాలమునకు ఆ తల్లి ఆ నిమిషమును ఎన్నిమార్లు అనుభవించినట్లు? దుర్ఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చుండబెట్టి అంతయు బలవంతముగా చెప్పించుట వలన మనసు తేలికపడునని ఒకప్పుడు నిపుణులు సైతము నమ్మిరి. పిమ్మట జరిగిన పరిశోధనలలో దానివలన మేలు కన్పింపలేదు, కొందఱికి కీడే జరిగినది. ఇక మైకు చేతబట్టి ప్రశ్నించు విలేఖరులను గుమ్మములోనే ఆపుడు. ఆ పని ఇంటిలోని ఒక మేనల్లునికి అప్పగింపుడు.

మఱి ఏమి చేయవలెను? చెప్పినచో వినుడు, చెప్పనిచో అడుగకుడు. "ఊరుకో, ఊరుకో" అని ఏడ్పును ఆపకుడు. "నీ అదృష్టం బాగుంది, పక్కవాళ్లకి ఏమైందో చూడు" అని ఓదార్పకుడు. బ్రదికిన పాపమునకు కుములుచున్నవారికి ఆ మాట పుండుమీద కారము. కేరియరులో పెరుగన్నము తీసికొనిపోయి, తినువఱకు కూర్చుండుడు. కరెంటు బిల్లు కట్టి రండు. గ్యాసు బండ నిండుకొన్నదేమో చూడుడు. ఆసుపత్రిలో రాత్రి ఎవరు, పగలు ఎవరు అని ఒక పట్టీ వ్రాసి గోడకు అంటింపుడు. సేవ చేయువారే నాలుగవనాడు జ్వరముతో పడిపోవుట నిత్యము చూచునదే గదా.

7. పిల్లవాడు జడుసుకొన్నచో

పిల్లలు భయమును మాటలలో చెప్పరు. కడుపునొప్పి అందురు. ఎప్పుడో మానిన పక్క తడుపుట మరల మొదలుపెట్టుదురు; తల్లి కొంగు విడువరు; బొమ్మలతో పేలుడు ఆట ఆడుదురు. జడుసుకొన్నాడని మనవారు దిష్టి తీయుదురు, దర్గాకు తీసికొనిపోయి తాయెత్తు కట్టింతురు. నేను దీనిని వెక్కిరింపను. అమ్మమ్మ ఒడిలో కూర్చుండబెట్టుకొని ఉప్పు మిరపకాయలు తిప్పి పోసినప్పుడు, తన భయమును ఇంటిలో ఒకరు గుర్తించిరని పిల్లవానికి తెలియును. అదియే సగము వైద్యము. తక్కిన సగము మీరు చేయవలెను. పసివాండ్రకు టీవీలో మరల మరల చూపు ఒకే పేలుడు, ప్రతిసారియు క్రొత్తగా జరుగుచున్నట్లు తోచును. కావున వారి ముందు ఆ వార్త వలదు. అడిగినదానికి నిజమే చెప్పుడు, అడుగనిది చెప్పకుడు. బడికి పంపుడు. రాత్రి కథయు, ఉదయము పాలును, ఆదివారము తలస్నానమును ఎప్పటివలెనే జరుగనిండు.

8. దగ్గును, చెవిని చులకన చేయకుడు.

ఇది పేలుడు సమీపమున ఉన్నవారికిని, ఆ చోట శిథిలములు ఎత్తినవారికిని. న్యూయార్కులో కూలిన భవనముల ధూళి కేవలము మట్టి కాదు. సిమెంటు పొడి, గాజునార, ఆస్‌బెస్టాస్ కలసిన కఱకు క్షారము. వారము గడచునంతలో, గాలి పీల్చుటకు భయము లేదని అమెరికా పర్యావరణ సంస్థ అధికారులు ప్రకటించిరి. అట్లు చెప్పుటకు తగిన ఆధారములు ఆనాడు లేవని అదే సంస్థ తనిఖీ విభాగము 2003లో తేల్చెను. ఈ నడుమ ఎందఱు మూతికి గుడ్డయైనను కట్టక ఆ కుప్పలమీద పనిచేసిరో! భవనములు కూలిననాడు మరణించిన నగర అగ్నిమాపక సిబ్బంది 343 మంది. ఆ ధూళికి సంబంధించిన వ్యాధులచేత తరువాతి యేండ్లలో మరణించిన వారి సహోద్యోగుల సంఖ్య 2023లో ఆ 343తో సరితూగినది. మన పేలుళ్లలో అంతటి ధూళి లేకపోవచ్చును. ఐనను పొగ పీల్చిన పిమ్మట మూడు వారములైనను దగ్గు ఆగనిచో, మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నచో, ఊపిరితిత్తుల డాక్టరును చూడుడు, పేలుడు వద్ద నుంటినని మొదటి మాటగా చెప్పుడు.

చెవి సంగతి ఇంకను ముఖ్యము. పేలుడు ఒత్తిడికి దేహములో తొందరగా దెబ్బతినునది కర్ణభేరి. పైకి గాయము కనబడదు. హోరు వినబడును, మాటలు దూరమునుండి వచ్చినట్లుండును. ఇంటిలో పెద్దలు వెల్లుల్లి కాచిన వెచ్చని నూనె చెవిలో పోయుదురు. చిల్లిపడిన చెవిలో నూనెగాని నీరుగాని పోయరాదు. తలస్నానము చేయునప్పుడు దూది అడ్డము పెట్టుకొని, చెవి డాక్టరు వద్దకు పొండు. చిన్న చిల్లులు చాలవఱకు కొద్ది వారములలో తమంతట తామే పూడుకొనును. నూనె పోసి చీము పట్టించుకొన్న చెవి అంత సులభముగా మానదు.

9. పొరుగువారి బీపీ కూడ పెరుగుచున్నది.

ఇది తలచుకొనుట మనకు కష్టముగా ఉండును. సెప్టెంబరు 11 తరువాతి ఆఱు నెలలలో కాలిఫోర్నియాలో జరిగిన కాన్పుల లెక్కలు చూడగా, అరబ్బు పేర్లుగల తల్లులలో మాత్రమే, నెలలు నిండకమునుపే కాన్పు, తక్కువ బరువు బిడ్డ పుట్టుట మునుపటి యేటికంటె అధికమైనవని తేలినది. న్యూయార్కునకు ఎంతో దూరమున, ఏ నేరమును ఎఱుగని గర్భవతుల కడుపులోని బిడ్డలమీద, చుట్టుపట్లవారి చూపులు పనిచేసినవని దానిని పరిశీలించినవారు భావించిరి. మన హైదరాబాదులోనే, 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పట్టుబడి, పిమ్మట నిర్దోషులుగా బయటపడి, ప్రభుత్వమునుండి పరిహారము పొందిన యువకులు కలరు. వారి తల్లులు ఆ నెలలలో ఎట్లు నిద్రించియుందురు? మీ అపార్టుమెంటులో అట్టి కుటుంబమున్నచో, లిఫ్టులో ఎప్పటివలె పలుకరింపుడు. గర్భవతి యుండినచో, నెలవారీ పరీక్షకు పోవుటకు జంకుచున్నదేమో మీ ఇల్లాలిచేత కనుగొని, తోడు పంపుడు.

10. నెల దాటిన పిమ్మట లెక్క చూచుకొనుడు.

తొలి వారములలో కలుగు ఉలికిపాటు, కన్నీరు, పీడకలలు రోగము కావు. ఇవి అధికసంఖ్యాకులలో తమంతట తగ్గును. న్యూయార్కులో దాడి జరిగిన అయిదు మొదలు ఎనిమిది వారములలో విచారించినప్పుడు, పీటీఎస్‌డీ అని వైద్యులు చెప్పు వ్యాధి లక్షణములు మాన్‌హాటనులో నూటికి 7.5 మందిలోను, కూలిన భవనముల సమీపమున నివసించువారిలో 20 మందిలోను కన్పించినవి. ప్రక్కనే కాపురమున్నవారిలో సైతము అయిదుగురిలో నలుగురికి ఆ వ్యాధి రాలేదు. మిగిలిన ఆ ఒక్కరు మీరైనచో? నెల గడచినను ఆ దృశ్యము మెలకువలోనే కన్నులకు కట్టుచున్నచో, ఆ దారి, ఆ వాసన, ఆ మాట తప్పించుకొనుటకే దినమంతయు సరిపోవుచున్నచో, పనికి పోలేకున్నచో, చావు మేలని తోచుచున్నచో, వైద్యుని చూడవలెను. చావు తలపు వచ్చినచో నెలవఱకు ఆగవలదు, ఆ రాత్రియే చెప్పవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను రుసుము లేకుండ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఏమి చెప్పవలెనో తోచనిచో ఈ మూడు చెప్పుడు: ఎన్ని రాత్రులుగా నిద్ర లేదు, ఏ పని మానివేసితిరి, ఏది తప్పించుకొని తిరుగుచున్నారు. తక్కినది వారే అడుగుదురు. ఈ వ్యాధికి మాటలతో చేయు చికిత్సలు కలవు. నిపుణుని సమక్షమున, క్రమక్రమముగా, ఆ జ్ఞాపకమును ఎదుర్కొనుట నేర్పుదురు. ఇది చుట్టముల ముందు కథ చెప్పుట వంటిది కాదు.

ఆ తేదీ మరల వచ్చినప్పుడు, ప్రతి ఆగస్టు 25కు, ప్రతి ఫిబ్రవరి 21కి, రెండు మూడు దినములు మునుపటి లక్షణములు తిరుగబెట్టుట సహజము. రోగము మరల మొదటికి వచ్చినదని బెదరకుడు. ఆ వారము టీవీలో పాత దృశ్యములు వేయుదురని ముందే ఎఱిగి, ఆ దినమున ఎవరితో ఉండవలెనో నిర్ణయించుకొనుడు.

11. కాగితములు భద్రము.

దుఃఖములో ఉన్నవారికి ఇది చెప్పుట మోటుగా తోచును, చెప్పకపోవుట అన్యాయము. న్యూయార్కు ధూళివలన జబ్బుపడినవారికి చికిత్స ఇచ్చు చట్టము దాడి జరిగిన తొమ్మిదేండ్లకు గాని రాలేదు. అప్పుడు ప్రతివాడును తాను ఆ దినములలో అచ్చట ఉంటినని చూపవలసి వచ్చెను. మన దేశమున 2008 ఏప్రిలు 1నుండి అమలులో ఉన్న కేంద్రప్రభుత్వ పథకము, ఉగ్రవాద హింసలో మరణించినవారి కుటుంబములకును, 50 శాతము గాని అంతకు మించి గాని శాశ్వతవైకల్యము పొందినవారికిని, నిబంధనలకు లోబడి సహాయము చేయుచున్నది. మొదట 3 లక్షల రూపాయలుగా ఉన్న ఆ మొత్తము 2016లో 5 లక్షలైనది. దానికి జిల్లా కలెక్టరు కార్యాలయముద్వారా దరఖాస్తు చేయవలెను, చెవిపోటు సైతము కాగితముమీద లేనిచో లేనట్లే.

కావున మొదటినాటి ఓపీ చీటీ మొదలుకొని, ఎఫ్ఐఆర్ నకలు, డిశ్చార్జి కాగితము, ఎక్స్‌రే, వినికిడి పరీక్ష, మందుల బిల్లులు అన్నియు తేదీల వరుసన ఒక సంచిలో ఉంచుడు. ప్రతిదానిని ఫోటో తీయుడు. ఒక నకళ్ల కట్ట వేఱొక ఇంట, అన్నదమ్ముల వద్దనో అక్కచెల్లెండ్ర వద్దనో దాచుడు. అసలు కాగితమును ఏ కార్యాలయములోను విడిచిపెట్టకుడు. అడిగినచో చూపి, నకలిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని ఇంటికి రండు.